విత్తు పడిన ఏళ్ళు

గుర్తింపు కార్డుకు వేలిముద్రలు వేసిన రోజున తిరుపాలమ్మ వయసులో పదకొండేళ్ళు పోయాయి. కంప్యూటరు ముందున్న మనిషి వయసెంతని అడిగాడు. నలభై రెండంది. అతను తలెత్తి చూడలేదు. చూసుంటే ఇంకోసారి అడిగేవాడు.

ఆమె అబద్ధం చెప్పలేదు. ఉరవకొండ అవతల వాళ్ళ ఊళ్ళో, వాళ్ళింట్లో వయసుకు ఒక లెక్కుండేది. వాన పడి శెనక్కాయ విత్తిన ఏడు తల్లి ఒకటి కలిపేది. విత్తనం మూటలోనే ఉండిపోయిన ఏడు కలిపేది కాదు. తల్లి పోయాక తిరుపాలమ్మే కలుపుకుంటూ వచ్చింది.

కార్డు ప్రకారం ఇప్పుడామెకు యాభై నాలుగు. అసలు అరవై అయిదు. మోకాళ్ళు అరిగి కూలికి వంగలేకపోతోంది. పింఛనుకు ఇంకా ఆరేళ్ళు ఆగమన్నారు. చెల్లెలు హనుమంతమ్మ రెండేళ్ళు బడికి పోయింది కాబట్టి ఆమెకు కాగితముంది, దాని ప్రకారం అరవై రెండేళ్ళు, పింఛనూ వస్తోంది.

హనుమంతమ్మ కొడుకు ఓబిలేష్ రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుడతాడు. చదువు ఎనిమిదితో ఆగింది గానీ దొరికిన పుస్తకమల్లా చదువుతాడు. పెద్దమ్మను వెంటబెట్టుకొని గ్రామ సచివాలయానికి వెళ్ళాడు.

"అక్క చెల్లెలికంటే ఎనిమిదేండ్లు చిన్నదా సార్?"

"కార్డులో అట్లనే ఉండాది," అన్నాడు గుమాస్తా.

ఓబిలేష్ తగ్గలేదు. రష్యాలో వేసవిని 'ల్యెత' అంటారని, మనిషి వయసు అడగాలంటే ఎన్ని వేసవులని అడుగుతారని చెప్పాడు. రష్యన్ లాంటి స్లావు భాషల్లోని ఆ మాట మొదట వాన నుంచే పుట్టిందని కొందరు పండితుల ఊహ అన్నాడు. ఆ భాషలకు దగ్గర చుట్టమైన లిథువేనియా భాషలో వానను 'లియెతుస్' అంటారట.

"వానను బట్టి ఏండ్లు లెక్కపెట్టేది మా పెద్దమ్మ ఒక్కతే కాదు సార్."

"అయితే పింఛను ఆ రష్యాలోనే అడగప్పా. ఈడ పుట్టిన తేదీ కాగితం కావల్ల."

పక్క టేబులాయన నవ్వాడు. తిరుపాలమ్మ కార్డును రవికెలో పెట్టుకొని లేచింది.

ఆ తర్వాత ఓబిలేష్ ఆమెను కలిసింది పోయిన జూన్‌లో. ఎవరివో విత్తనం కాయలు ఒలుస్తోంది. కూర్చుని చేయగలిగిన కూలి అదొక్కటే.

"కలెక్టరాఫీసుకు పోదామా పెద్దమ్మా?"

"నువ్వు ఆ పొద్దు చెప్పిన మాట నిజమేనా? వాన మీద పుట్టిందని?"

"కొందరంటారు. నాకు నమ్మబుద్ధయితాది."

ఆమె ఇంకో గుప్పెడు కాయలు ఒళ్ళోకి తీసుకుంది.

"ఆడ ఏటేటా పడతాదేమోలే నాయనా, వాళ్ళ లెక్క తప్పలేదు. నాకు పడని ఏండ్లలోనే ముసిలితనం వచ్చినాది."