బండ్లు రాని ఆదివారం

నాందేడ్ రైల్వే కాలనీలో పాండురంగానికి పాత పాటల పిచ్చి అని పేరు. అది తప్పు. పాత రికార్డులో ఆత్మ ఉంటుందని కళ్లు మూసుకుని చెప్పే జనం వేరే ఉన్నారు, వాళ్లంటే ఆయనకు విసుగు. ఆయనకున్నదల్లా అదురు మీద పగ. ఇరవై ఆరేళ్లుగా ఆయన పని రైలు డబ్బాల కింద దూరి స్ప్రింగులు చూడటం. కదలకూడనిది కదిలితే ఆయనకు తిన్నది అరగదు.

రెండేళ్ల కింద సికింద్రాబాద్‌లో ఒక రిటైర్డ్ ఇంజనీరు రికార్డులు తిప్పే తన టర్న్‌టేబుల్ అమ్మేస్తే పాండురంగం దాన్ని రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. పళ్లెం ఒక్కటే ఆరు కిలోలు. ముల్లును రికార్డు మీద నడిపించే చెయ్యి జపాన్‌ది, పొడుగు, మంచి బరువు. దాని కొసన ముల్లు ఉండే చిన్న డబ్బీని, కార్ట్రిడ్జ్‌ను మాత్రం ఆయన మార్చాడు. ఇంటర్నెట్‌లో అందరూ మెచ్చుకున్నారని చాలా మెత్తగా ఊగే ముల్లున్నది ముంబై నుంచి తెప్పించి, పాతదాన్ని భార్య గుండీల డబ్బాలో పడేశాడు.

మొదటి రోజే ముల్లు ఎగిరింది. క్వార్టర్‌కూ పట్టాలకూ మధ్య ఎనభై అడుగులు. ఇంకెవరిని అనుమానించాలి? రైలు పని చేసేవాడికి లోకంలోని ప్రతి అదురూ పట్టాల మీది నుంచే వస్తుంది.

కింద ఇసుక పెట్టె పెట్టాడు. దాని మీద సగం గాలి కొట్టిన స్కూటర్ ట్యూబు, ఆ పైన ఎవరింట్లోనో వంటగట్టుకు వేయగా మిగిలిన నల్లరాయి. చాలలేదు. భార్య సూర్యకుమారి కుట్టుమిషన్ కాళ్ల కింది నాలుగు రబ్బరు బిళ్లలు లాగి రాయి మీద పరిచాడు. ఆ రోజు నుంచి మిషన్ గచ్చు మీద నడక మొదలుపెట్టింది. సాయంత్రానికి జానెడు జరిగేది, ఆమె దాన్ని వెనక్కి లాక్కునేది. ఆయన టైం టేబుల్ చూసి రెండు బండ్ల మధ్య పాట పెట్టేవాడు. అంతసేపూ మిషన్ ఆగాలి, ఇంట్లో ఎవరూ నడవకూడదు. అయినా ఎగిరేది. గూడ్సు బండ్లకు టైం టేబుల్ ఉండదు కదా అని సర్దుకునేవాడు.

చివరికి ఇల్లే మారుదామన్నాడు. పట్టాల గ్యాంగ్‌లో పనిచేసే దిగంబర్, భోకర్ దిక్కు మనిషి, పట్టాలకు దూరంగా తరోడాలో తన బావమరిది ఇల్లు ఖాళీగా ఉందని తాళంచెవి తెచ్చిచ్చాడు. కాలనీ ఆడవాళ్ల జాకెట్లన్నీ సూర్యకుమారి చేతి మీదివే. అంత దూరం పోతే ఒక్కరూ రారు. పదిహేనేళ్లుగా నిలబెట్టుకున్న పని ఒక ముల్లు కోసం పోతుంది. ఆమె కొట్లాట పెట్టుకోలేదు. బండ్లు లేని రోజు ఒక్కసారి వినిపించమంది. ఎగరకపోతే మారు మాట్లాడకుండా సామాను కడతానంది. ఎగిరితే ఇల్లు మారే మాట మళ్లీ ఎత్తొద్దంది.

అట్లాంటి రోజు ఎప్పుడో దిగంబర్‌కు తెలుసు. వచ్చే ఆదివారం పది నుంచి రెండు దాకా బ్లాక్, పట్టాలు మారుస్తారు, ఒక్క బండీ కదలదు.

"మేము ఆరు కిలోమీటర్ల అవతల ఉంటం అన్నా. మా సుత్తె దెబ్బకు గూడ నీ ముల్లు బెదిరితే ఫోన్ చెయ్యి, మెల్లగ కొడతం" అన్నాడు.

ఆదివారం పదకొండింటికి కాలనీ చెవుల్లో దూది పెట్టుకున్నట్టుంది. సూర్యకుమారి మిషన్ ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పాండురంగం సన్నాయి రికార్డు పెట్టి ముల్లు దించాడు. రెండు నిమిషాలు బాగానే నడిచింది. రికార్డు అంచు కొద్దిగా వంగిన చోట చెయ్యి పైకీ కిందికీ తూగి, తూగి, గాట్లు దాటి దూకింది.

సూర్యకుమారి కిటికీ వైపు చూసింది.

"ఇప్పుడు ఏ బండి పోయింది?"

పాండురంగం రికార్డును మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. ఈసారి పాట వినలేదు, పట్టాల వైపు చెవి పెట్టలేదు. మోకాళ్ల మీద కూర్చుని ముల్లును చూశాడు. ముల్లు గాట్లోనే ఉంది. దాని పైన డబ్బీ, చెయ్యీ వరసగా కుంగి లేస్తున్నాయి, సెకనుకు ఐదు మార్లేమో. బరువైన డబ్బాకు మెత్తని స్ప్రింగు బిగిస్తే సరిగ్గా ఇట్లాగే ఊగుతుంది. దారిలో చిన్న వంపు చాలు. పైగా కింద గాలి ట్యూబు కూడా దాదాపు అదే లయలో ఊగుతూ, ఇంట్లో అడుగు పడితే చాలు, దానికి తోడు పోతున్నది.

"గిట్ల ఊగుకుంట నా షెడ్డుకు అచ్చిన డబ్బాను రెండు నిమిషాలల్ల రిపేరుకని సిక్‌ల పెడుతుంటి" అన్నాడు.

"రెండేండ్లు పట్టింది" అంది సూర్యకుమారి.

తర్వాత గుండీల డబ్బా ఆమే తెచ్చి ముందు పెట్టింది. పాత కార్ట్రిడ్జ్ హుక్కుల కింద దొరికింది. బిరుసు ముల్లు, ఆ బరువైన చేతికి తగినది. ఇంజనీరు దాన్ని టర్న్‌టేబుల్‌తో పాటు ఊరికే ఇవ్వలేదన్నమాట. దాన్ని బిగించి, చెయ్యి వెనక ఉండే బరువు సరిచేసేసరికి ఒంటిగంటన్నర అయింది. వంగిన చోట చెయ్యి ఒకసారి లేచి, దిగి, ముందుకు పోయింది.

రెండింటికి బ్లాక్ ఎత్తేశారు. కాసేపటికి మొదటి గూడ్సు వచ్చింది, బొగ్గుతో నిండుగా. కిటికీ చువ్వలు గలగలమన్నాయి, గిన్నెలు ఒకదాన్నొకటి తాకాయి. పాండురంగం ముల్లునే చూస్తూ కూర్చున్నాడు. యాభై ఎనిమిది వ్యాగన్లు పోయినా సన్నాయి ఆగలేదు.

తాళంచెవి జేబులోంచి తీసి దిగంబర్ వస్తే ఇవ్వమని మేకుకు తగిలించాడు. టర్న్‌టేబుల్ ఎత్తి దాని కింది రబ్బరు బిళ్లలు నాలుగూ లాగాడు. కుట్టుమిషన్ దగ్గర గొంతుక్కూర్చుని ఒక్కో కాలూ లేపి పెట్టసాగాడు.

"అది జర లోపలికి" అంది సూర్యకుమారి, సూదిలో దారం ఎక్కిస్తూ.