బలపంతో పెట్టిన ఇంటూ గుర్తు

రాష్ట్రం ఏర్పడిన తొలి రోజులవి. మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తాగా ఉన్న నాకు, బడులకు పలకలు సరఫరా చేసే కాంట్రాక్టరు సరుకు తనిఖీ చేసే పని అప్పగించారు. పలకలు తయారయ్యే ఊళ్లో పలకలు చూడడం ఎంత పనిలే అనుకున్నాను. అంత తెలివి నాది.

పలకను వేలి కణుపుతో కొడితే ఖంగుమనాలి. లోపల నెర్రె ఉంటే మోగదు. నాలుగు రోజులు పిల్లల సంచిలో తిరిగితే రెండు ముక్కలవుతుంది. కాంట్రాక్టరు గోదాములో కూర్చుని పొద్దస్తమానం కొట్టి చూశాను. మోగని వాటన్నిటి మీదా బలపం గట్టిగా నొక్కి ఇంటూ గుర్తు పెట్టాను. వీటికి బదులు మంచివి పంపమని కాగితం రాసిచ్చి దర్జాగా ఇంటికొచ్చాను.

పలక మీద బలపంతో రాసింది తడిగుడ్డకు పోతుందని ఒకటో తరగతి పిల్లకు కూడా తెలుసు. నాకు తట్టలేదు.

బదులు సరుకంటూ ఆఫీసుకు వచ్చిన కట్టలు విప్పి కొడితే మళ్లీ అదే మూగ చప్పుడు. ఒక పలక మీద, చెక్క చట్రం మూలన, నా గుర్తు కొస చెరగకుండా మిగిలింది. కాంట్రాక్టరును పిలిపించి చూపించాను. నాకంటే పెద్దవాడు, కోపం తెచ్చుకోలేదు.

"ఆ గీత మీదేనని ఎట్ల చెప్తారు సారూ? పలకన్నాక గీతలుండవా?" అన్నాడు.

ఒళ్లు మండింది. పై అధికారులకు రాశాను. వద్దన్న సరుకును తాళం వేసి ఎందుకు ఉంచలేదని నన్నే సంజాయిషీ అడిగారు. నేను జవాబు రాసుకుంటూ ఉండగానే ఆ కట్టలను రాచర్ల దగ్గర ఒక బడిలో దింపేశారు.

పరుగున పోయాను. బడి తెరిచినప్పటి నుంచీ అక్కడి పిల్లలు ఇసుకలో వేలితో దిద్దుతున్నారట. తిప్పి పంపేద్దామని ముసలి పంతులుగారితో అన్నాను.

"పంపితే మళ్లా ఎప్పుడొస్తాయి నాయనా?" అన్నాడాయన.

నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసింది.

"నాలుగు దినాలన్నా రాసుకుంటారులే. సంతకం పెట్టు."

సరుకు బాగుందని రాసి సంతకం పెట్టాను. ముందు వరసలోని పిల్ల కొత్త పలక మీద అ దిద్ది, నాకు చూపించడానికి తెచ్చింది. ఆ అక్షరం కింద, నేను నొక్కి పెట్టిన ఇంటూ గుర్తు సన్నగా కనబడుతోంది. బాగా రాశావన్నాను.

"కింద పడేయొద్దమ్మా, జాగ్రత్త" అని కూడా అన్నాను. తనిఖీ అధికారిగా నా చేతిలో మిగిలింది ఆ మాటే.