పళ్ళ డాక్టరు మీద పిన్ని పరిశోధన

మా పిన్ని కాలేజీలో చేరింది చదువు మీద మక్కువతో కాదు, ఆడపడుచు మీద కోపంతో. బాబాయి చెల్లెలు డిగ్రీ చదివింది. ఆ సంగతి ఆవిడ ఎన్నడూ నోరు తెరిచి చెప్పుకోదు. కానీ ఏ మాట వచ్చినా "అది నీకు అర్థం కాదులే వదినా" అని చిన్నగా నవ్వి ఊరుకుంటుంది. నలభై నాలుగేళ్ళు వచ్చాక, ఒక ఆదివారం భోజనాల దగ్గర, ఆ 'లే' పిన్ని గొంతులో చేపముల్లులా దిగింది. మర్నాడు దుకాణం కూడా తెరవకుండా తిన్నగా సాయంకాలం కాలేజీకి వెళ్ళి పేరిచ్చి వచ్చింది.

పిన్ని దర్జీ. ఇంటి ముందుగదే దుకాణం. కిటికీ పక్కన మిషను, గోడకి నిలువుటద్దం, మూల కొయ్యకి వేలాడే సగం కుట్టిన చొక్కాలు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ధారాళంగా మాట్లాడగలిగిన మనిషిని ఆవిణ్ణి తప్ప నేనింకెవర్నీ చూడలేదు. కొలతలకి నిలబడ్డవాళ్ళు కదలకూడదు కదా, కాబట్టి ఆ కాసేపూ వాళ్ళ చెవులు పిన్ని సొత్తు. ఒకరి భుజాలు కొలుస్తూ విన్నది ఇంకొకరి నడుం కొలుస్తూ చెప్పేది. అబద్ధాలాడే మనిషి మాత్రం కాదు. ప్రతి మాటకీ చివర ఒక 'అట' తగిలించేది. "వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తున్నారట." "ఆయనకి ఉద్యోగం ఊడిందట." ఒకసారి 'అట' అనేశాక ఆ మాటతో తనకి పూచీ లేదని ఆవిడ నమ్మకం.

బాబాయి లిఫ్టులు బాగుచేస్తాడు. పగలంతా ఇనప తాళ్ళ మధ్య ఒంటరిగా పనిచేసి వచ్చేవాడు కనక, ఇంట్లో మాట్లాడే బాధ్యత పూర్తిగా పిన్నికి వదిలేశాడు. వాళ్ళకి పిల్లల్లేరు. వెనక వీధిలో ఉండే అక్క కూతుర్ని నేను. పిన్ని రాసినవి కంప్యూటర్లో కొట్టిపెట్టే పని నా నెత్తిన పడింది. అందుకే ఈ కథంతా నాకు తెలుసు.

మొదటి ఏడాదిలో అందరూ ఒక పరిశోధన వ్యాసం రాయాలి. అది నేర్పే మేడం పిన్ని కంటే పదిహేనేళ్ళు చిన్నది. సన్నగా, గాలికి ఎగిరిపోయేట్టుండేది. గొంతు పెంచేది కాదు. ముందు అలవాటు కోసం "మా వీధి" అని ఏదైనా రాసుకు రమ్మంది. పిన్ని రెచ్చిపోయి రాసింది. వీధిలో ఒక్క ఇంటినీ వదల్లేదు.

వ్యాసం తిరిగొచ్చేసరికి దాని నిండా ఆకుపచ్చ సున్నాలు. ఎక్కడ 'అట' ఉంటే అక్కడ ఒక సున్నా.

"ఈ 'అట' ఎవరండీ?" అనడిగింది మేడం.

"ఎవరూ కాదు మేడం. మాటవరసకి."

"మాట ఉందంటే అన్న మనిషి ఉండాలి కదా. ఎవరన్నారు? వాళ్ళు చూశారా, విన్నారా?"

"అంత లోతుకి పోతే ఇంక కబుర్లేం చెప్పుకుంటాం మేడం!"

క్లాసంతా నవ్వింది. మేడం కూడా నవ్వింది గానీ సున్నాలు మాత్రం చెరపలేదు.

రెండోసారి పిన్ని తెలివిగా, లైబ్రరీలో ఒక లావుపాటి పుస్తకం తీసి అందులోంచి రెండు పేజీలు దించేసింది. ఈసారి ఎక్కడా ఒక్క 'అట' లేదు. మేడం చదివి, "ఇది మీ మాటలా లేదే" అంది.

"నాది కాదు మేడం, పెద్దాయన ఎవరో రాసింది. నాకంటే బాగా రాశాడు కదా అని ఆయన్నే పెట్టేశాను."

"పెట్టుకోండి. కానీ ఆయన పేరు పెట్టాలి. లేకపోతే వేరే షాపులో కొన్న చొక్కాకి మీ చీటీ కుట్టి అమ్మినట్టు కాదూ?"

ఆ మాట మాత్రం పిన్నికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఎదుటి వీధి దర్జీ సరిగ్గా ఆ పనే చేస్తాడని ఆవిడ ఏళ్ళ తరబడి తిడుతోంది. ఇంటికొచ్చి నాతో, "మేడం అడిగే ఆధారం అంటే ఏం లేదే, ఆది చొక్కా అన్నమాట. కొలతకి పాత చొక్కా ఇస్తేనే కదా కొత్తది ఒంటికి సరిపోయేది. ఆది లేకుండా కుడితే ఎవడికి పట్టాలి?" అంది.

ఇక అక్కణ్ణించి మా బాబాయికి కష్టాలు మొదలయ్యాయి.

"చారులో ఉప్పెక్కువైంది," అన్నాడు ఒక పూట.

"ఎవరన్నారు?"

"నా నాలిక."

"ఒక్క నాలిక సరిపోదు," అని పిన్ని గిన్నె తీసుకుని పైవాటా అక్కయ్య దగ్గరకి రుచి చూపించడానికి వెళ్ళింది. పైవాటా అక్కయ్య అంటే మేడ మీద అద్దెకుండే ఆవిడ, పిన్నికి ప్రాణస్నేహితురాలు. ఆవిడ రుచి చూసి ఉప్పు తక్కువైందంది. ఎటూ తేలలేదని పిన్ని ఆ చారు మర్నాటికి దాచింది. అప్పట్నుంచి బాబాయి ఉప్పు గురించి ఎత్తితే ఒట్టు.

అసలు వ్యాసానికి విషయం ఎంచుకోవాల్సి వచ్చింది. పిన్ని "ప్రపంచంలో అబద్ధం" అని రాసుకెళ్ళింది. మేడం చిన్నది చేసుకు రమ్మంది. "మన దేశంలో పుకార్లు" అని తీసుకెళ్ళింది. ఇంకా పెద్దదేనంది. "మా వీధిలో పుకార్లు" అంటే, "ఒక్క పుకారు తీసుకోండి. అది ఎక్కడ పుట్టిందో, ఎలా నడిచిందో, మనిషి మనిషి దగ్గరకీ వెళ్ళి అడగండి" అంది మేడం.

"ఇంత కత్తిరిస్తే చివరికి చేతిరుమాలు మిగుల్తుంది!" అని నా దగ్గర గోలపెట్టింది పిన్ని. అయినా ఒక పుకారు పట్టుకుంది.

వీధి చివర మేడలో ఒక పళ్ళ డాక్టరు ఉండేవాడు. కుర్రాడు, కొత్తగా వచ్చాడు. అద్దాల తలుపు, తెల్ల గోడలు, మెరిసే కుర్చీ, అన్నీ ఉన్నాయి, రోగులే లేరు. ఎందుకంటే ఆయన నెత్తురు చూస్తే కళ్ళు తిరిగి పడిపోతాడు. ఈ సంగతి వీధిలో తెలియనివాళ్ళు లేరు. పన్ను నొప్పొస్తే బుగ్గ పట్టుకుని బస్సెక్కి ఇంకో పేటకి పోయేవారు గానీ ఆ గుమ్మం తొక్కేవారు కాదు.

పిన్ని ముందు మందుల షాపాయన దగ్గరకెళ్ళింది. ఆయన కౌంటరు మీద మోచేతులు ఆనించి, "పడిపోవడమా? పన్ను పీకించుకుంటున్న ముసలాయన మీదే పడ్డాడమ్మా! పాపం ఆ ముసలాయనే లేచి నీళ్ళు చల్లాడు" అన్నాడు.

"మీరు చూశారా?"

"చూడ్డమెందుకు? రొట్టెల కొట్టావిడ చెప్పింది."

రొట్టెల కొట్టావిడ పిండి చేతులు దులుపుకుంటూ, ముసలాయన సంగతి తనకి తెలీదంది. డాక్టరు నేల మీద పడ్డాడని మాత్రం పోస్టుమాన్ చెప్పాడట. ఆ 'అట' దగ్గర పిన్ని చేయెత్తి ఆపింది. "సరేనమ్మా, చెప్పాడు! నాతోనే చెప్పాడు!" అని ఆవిడ కసురుకుంది. పోస్టుమాన్‌ని అడిగితే, నేల మీద కాదు, కుర్చీలోనే పడ్డాడన్నాడు. తనకి చెప్పింది పైవాటా అక్కయ్య.

వెనక్కి వెళ్ళేకొద్దీ కథ ఉతికిన నూలు గుడ్డలా కుంచించుకుపోతోంది. పిన్నికి హుషారు పెరిగిపోయింది. పుకారు పుట్టిన చోటు దొరికిపోయినట్టేనని మెట్లు రెండేసి ఎక్కింది. అక్కయ్య చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అక్కయ్యా, నిజం చెప్పు. పళ్ళ డాక్టరు పడిపోయాడని నీకెవరు చెప్పారు?"

అక్కయ్య తలెత్తి చూసింది. "నువ్వే కదే!"

"నేనా? ఆధారమేంటి?"

"ఆధారమా? నా గౌను బిగువైందని నీ దగ్గరకొస్తే, టేపు పట్టుకుని చెప్పావు. నా నడుం రెండంగుళాలు పెరిగిందని కూడా అప్పుడే అన్నావు. డాక్టరు సంగతి మర్చిపోయినా అది మర్చిపోతానటే?"

ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏ కోర్టులోనూ దొరకదు. పిన్ని కిందికొచ్చి మిషను ముందు కూలబడింది. నేను వెళ్ళేసరికి దీపం కూడా వెయ్యకుండా కూర్చునుంది. నెమ్మదిగా గుర్తొచ్చిందట... అదే, గుర్తొచ్చిందని నాతోనే చెప్పింది. ఓ మధ్యాహ్నం దారాలు కొనడానికి పోతూ అద్దాల తలుపులోంచి చూసింది. డాక్టరు రోగుల కుర్చీలో వెల్లకిలా, కళ్ళు మూసుకుని పడున్నాడు. ఆ పక్క పళ్ళెంలో ఎర్రగా ఏదో ఉంది. సాయంత్రం అక్కయ్యతో, "నెత్తురు చూసి కళ్ళు తిరిగాయేమో" అంది. అంతే. పిన్ని 'ఏమో' అక్కయ్య దగ్గర 'అట' అయింది. రొట్టెల కొట్టు చేరేసరికి 'కదా' అయింది. మందుల షాపులో ముసలాయన వచ్చి చేరాడు.

"విషయం మార్చేస్తానే," అంది పిన్ని. "వీధిలో కుక్కల మీద రాస్తాను."

"కుక్కల దగ్గరకెళ్ళి ఎవరన్నారని అడుగుతావా?" అన్నాను.

మూలన లిఫ్టు చక్రమేదో తుడుచుకుంటున్న బాబాయి నోరు విప్పాడు. "ముందు ఆ డాక్టర్ని అడిగి రా."

ఆయన అంత పొడుగు వాక్యం చెప్పడం అరుదు కనక, పిన్ని మర్నాడే వెళ్ళింది. తోడుగా నన్ను లాక్కుపోయింది. తలుపు తోయగానే డాక్టరు ఎంత సంబరంగా లేచాడంటే, పిన్ని ఒక అడుగు వెనక్కి వేసింది. "రండమ్మా రండి, కూర్చోండి!" అని కుర్చీ చూపించాడు. పిన్ని కూర్చుంది. కుర్చీ వెనక్కి వాలింది. "ఏదీ, ఆ అనండి." చెప్పాలనుకున్నది చెప్పడానికి పిన్ని నోరు తెరిచింది. తెరిచిన నోట్లో అద్దం పుల్ల దూరింది. ఇక అంతే. పుచ్చిన దవడ పన్ను ఒకటి నిజంగానే దొరికింది. పిన్ని చేతులూపింది, వేలెత్తింది, గొంతులోంచి ఏవేవో శబ్దాలు చేసింది. ఆయన ప్రతిదానికీ "భయం లేదమ్మా, అయిపోయింది" అంటూనే ఉన్నాడు. నేను నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాను.

పన్ను పళ్ళెంలో టింగుమంది. డాక్టరు నిమ్మకు నీరెత్తినట్టు నిలబడే ఉన్నాడు. పిన్ని తల తిప్పి, నెత్తురంటిన దూదిని చూసింది. చూసి, కళ్ళు తేలేసి స్పృహ తప్పింది.

నీళ్ళు చల్లాక లేచింది. బుగ్గలో దూది కుక్కుకునే, ముద్దముద్దగా మొత్తం చెప్పేసింది. డాక్టరు అంతా విన్నాడు. తర్వాత అన్నాడు: "మా ఇంట్లో కవలలమ్మా. రాత్రంతా వంతులేసుకుని ఏడుస్తారు. మధ్యాహ్నం ఎవరూ లేకపోతే ఈ కుర్చీలోనే ఓ కునుకు తీస్తాను. ఆ ఎర్రది పళ్ళ అచ్చు తీసే మైనం." పళ్ళెం సర్దుతూ, "నేనేమో ఈ వీధిలో అందరివీ గట్టి పళ్ళనుకున్నాను," అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ నవ్వుకి పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి పన్ను నొప్పికనుకుని ఆయన మాత్ర ఇచ్చి పంపాడు.

రాయడానికి కూర్చుంటే చెయ్యి సాగలేదు. మొదటి ప్రతిలో "ఈ మాట మొదట ఒక దర్జీ అన్నట్టు తెలుస్తోంది" అని రాసింది. మేడం దానికి సున్నా చుట్టింది.

"ఎవరండీ ఆ దర్జీ?"

"ఆవిడ... మర్యాదస్తురాలేనండి."

మేడం పిన్నిని చూసింది, పిన్ని బల్లని చూసింది. ఆ సాయంత్రం నా దగ్గరకొచ్చి, "ఆ 'ఒక దర్జీ' కొట్టేసి 'నేను' అని పెట్టవే," అంది. అక్షరాలు నేనే కొట్టాను గానీ, కొడుతున్నంతసేపూ నా భుజం పట్టుకునే ఉంది.

క్లాసులో చదివింది. అందరూ పగలబడి నవ్వారు, చివర్లో చప్పట్లు కొట్టారు. పిన్ని మొదటి మార్కు తనదేననుకుంది. రాలేదు. బాగానే వచ్చాయి గానీ, ముగింపు దగ్గర మేడం కోసేసింది. "కాబట్టి పుకార్లన్నీ దర్జీల దగ్గరే పుడతాయి" అని రాసింది పిన్ని. "ఒక్క దర్జీని చూసి అందరి మీదా వేస్తే ఎలాగండీ?" అని ఆకుపచ్చ సిరాతో పక్కన. పిన్ని రెండ్రోజులు అలిగి, మూడోరోజు ఒప్పుకుంది.

ఇక డాక్టరు పరువు నిలబెట్టాలని పిన్ని ఇల్లిల్లూ తిరిగి నిజం చెప్పింది. నిజాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కానీ వారం తిరక్కుండా వీధిలో ఇంకో మాట మొదలైంది. పళ్ళ డాక్టరుది ఎంత తేలిక చెయ్యంటే, పన్ను పీకుతుంటే దర్జీ ఆవిడ హాయిగా నిద్రపోయిందట! అద్దాల తలుపు ముందు మనుషులు వరస కట్టారు.

పిన్ని మందుల షాపాయన్ని కౌంటరు దగ్గరే నిలేసింది. "నిద్ర కాదండీ, స్పృహ తప్పాను! రాసి పెట్టాను, చూపించమంటారా?"

మాత్రలు కొనడానికొచ్చిన డాక్టరు పక్కనే ఉన్నాడు. రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, తమరు కొన్నాళ్ళు పరిశోధన ఆపుతారా?"

పిన్ని ఆపలేదు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎవరూ నమ్మలేదు కనక డాక్టరుకి నష్టమూ రాలేదు. దుకాణంలో మాత్రం కొన్నాళ్ళు బేరాలు పల్చబడ్డాయి. కొలతలకి నిలబడి నోరు జారితే "మీరు చూశారా?" అని అడిగే దర్జీ ఎవరికి కావాలి? తర్వాత ఆవిడ కుట్టులాంటి కుట్టు ఇంకెక్కడా దొరక్క ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఈసారి వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

మూడేళ్ళకి డిగ్రీ చేతికొచ్చింది. పట్టా ఎక్కడో బీరువాలో ఉంది గానీ, లైబ్రరీ వాసన మాత్రం పిన్నిని వదల్లేదు. ఇప్పటికీ ఆదివారాలు అక్కడే. పుస్తకం తీస్తే ముందు చివరి పేజీలే చూస్తుంది, రాసినాయన ఎవరెవర్ని అడిగి రాశాడో అని. నచ్చకపోతే అంచున పెన్సిలుతో "ఎవరన్నారు?" అని రాస్తుంది. మొన్న లైబ్రేరియన్ అలాంటివి పదకొండు పుస్తకాలు బల్ల మీద పేర్చి, పిన్ని చేతికి రబ్బరు ముక్క ఇచ్చి కూర్చోబెట్టాడు. సాయంత్రం దాకా చెరిపింది. రెండుచోట్ల మాత్రం, తను అడిగిందే న్యాయమని, చెరపకుండా వచ్చేసింది.