రాజవ్వ తాగిన బేరియం

1964 ఎండాకాలంలో నన్ను ఆదిలాబాద్ ఆసుపత్రి నుంచి ఇచ్చోడ చుట్టుపక్కల ఊళ్లకు ఆరు వారాల క్యాంపు డ్యూటీ మీద పంపారు. అప్పుడు నేను ఉమెన్ అసిస్టెంట్ సర్జన్‌ని. ఆ ఊళ్ల నుంచి అన్నవాహిక క్యాన్సర్‌తో చాలామంది వచ్చేవాళ్లు. వచ్చేసరికి నీళ్లు కూడా దిగని స్థితి. ముదరకముందే వాళ్లను వెతికి పట్టుకోవాలన్నది పై అధికారుల ఆలోచన.

నలభై దాటిన ప్రతి మనిషినీ మింగడం కష్టంగా ఉందా అని అడిగి రిజిస్టరులో రాయాలి. ఉందన్నవాళ్లకు ఎక్స్‌రే వ్యాన్‌లో బేరియం పరీక్ష. బేరియం చిక్కటి తెల్లటి మందు. అది గొంతు దిగుతుంటే తెర మీద నీడ కనిపిస్తుంది. ఇరుకున్న చోట ఆగుతుంది. తెర మసకగా ఉండేది కనుక, కళ్లు చీకటికి అలవాటు పడేందుకు నేను ముందుగా ఎర్రద్దాల కళ్లజోడు పెట్టుకుని కూర్చోవాలి. రేకుల వ్యాన్, పైన ఎండ, ఒంటి మీద సీసపు ఏప్రాన్. మూడో వారానికి మాట్లాడే ఓపిక కూడా పోయింది.

ఆ వారం మేమున్న ఊళ్లో ఆడవాళ్లు మందు ముట్టుకోబోమన్నారు. సున్నం నీళ్లు తాగిస్తున్నారని, పేగులు అతుక్కుపోతాయని పుకారు. క్యాంపుకు నీళ్లు మోసే రాజవ్వ అది విని ముందుకొచ్చింది. యాభై ఏళ్ల మనిషి, పత్తి కాలంలో జిన్నింగు మిల్లులో కూలి. రిజిస్టరులో ఆమె పేరు పక్కన ‘కష్టం లేదు’ అని రాసింది నేనే.

“ఏందే మీ పరేషాన్? ముందుగాల నేను తాగుత. నాకేమన్నయితే అప్పుడు పోండ్రి” అని వరుసలో వాళ్లతో అని వ్యాన్ ఎక్కింది.

మొదటి గుక్క ఛాతీ మధ్యదాకా వచ్చి ఆగింది. కాసేపటికి సన్నగా, వంకరగా కిందికి జారింది. రెండు ఫిల్ములు తీయమన్నాను. రేడియోగ్రాఫర్ తీశాడు. సాయంత్రం ఒకసారి రమ్మని రాజవ్వకు చెప్పాను. ఆమె మూతి తుడుచుకుని దిగి, “ఏం గాలే. చప్పగుంది, గంతే. రాండ్రి” అంది. ఆ రోజు అందరూ తాగారు. ఆమెను అలా చెప్పనిచ్చాను. నాకు ఆ వరుస చెదరకుండా కావాలి.

సాయంత్రం ఫిల్ము చూపించి, జబ్బు పేరు చెప్పాను. అడిగినప్పుడు కష్టం లేదన్నావెందుకని అడిగాను.

“మింగుడు పడుతలేదా అంటిరి. గటక దిగుతది గద! రొట్టె ఇడిసిపెట్టి ఆరు నెలలాయె. వయసుకు గట్లయితదనుకున్న” అంది.

జొన్న గటక జావలాంటిది. ఇరుకులోంచి కూడా జారిపోతుంది. తప్పు నా ప్రశ్నలో ఉంది. మర్నాటి నుంచి ఇప్పుడేం తింటున్నారు, నిరుడేం తినేవాళ్లు అని అడగడం మొదలుపెట్టాం. కష్టం లేదని రాసుకున్న పేర్లన్నీ మళ్లీ తిరగేశాం.

రాజవ్వకు ఆపరేషన్ హైదరాబాద్‌లోనే చేయాలి. అక్కడి ఆసుపత్రిలో పడక కోసం మూడుసార్లు రాశాను. పడక ఖాళీ లేదని రెండుసార్లు జవాబు వచ్చింది. వానాకాలం గడిచాక పిలుపొచ్చింది. అప్పటికి గటక కూడా దిగడం లేదు. ఆపరేషన్ దశ దాటిందని పొట్టకు గొట్టం వేసి పంపేశారు.

చూడ్డానికి వెళ్లాను. కూతురు గొట్టంలో గంజి పోస్తోంది. “ఆ దినం నేను తాగకుంటే ఎరుకనే కాకపోవు డాక్టరమ్మా. గిన్ని దినాలు ఫికర్ లేకుంట ఉందును” అంది రాజవ్వ. గొట్టం చుట్టూ కట్టు మార్చి వచ్చేశాను. చలి ముదరకముందే ఆమె పోయింది.

మరుసటి ఏడు మళ్లీ క్యాంపు ఉత్తర్వు వచ్చింది. హైదరాబాద్‌లో క్యాంపు రోగులకు రెండు పడకలు కేటాయించినట్టు రాతపూర్వకంగా వస్తేనే బయలుదేరతానని జవాబిచ్చాను. నాలుగు నెలలు వ్యాన్ షెడ్డులోనే ఉంది. ఆలస్యానికి సంజాయిషీ అడిగారు, రాసిచ్చాను. చివరికి పడకలిచ్చారు. చికిత్సకు చోటు చూడకుండా జబ్బును వెతకకూడదన్నది ఆ క్యాంపులో నేను నేర్చుకున్నది. మిగిలిన సర్వీసంతా ముందు పడక, తర్వాతే వెతుకులాట అన్న క్రమంలోనే పని చేశాను.