పాటకు పనికిరాదని నేను రాసిన మనిషి

1957లో అనంతపురంలోని ఒక టీచర్ ట్రైనింగ్ స్కూల్లో సంగీతం టీచరుగా చేరాను. కాలువల పక్కన పెరిగినదాన్ని. ఇక్కడికొచ్చాక తాగే నీళ్ళను చెంబుతో కొలుచుకోవడం నేర్చుకున్నాను. అద్దె గదిలో నేనూ, నా తంబూరా. పాడుకుంటే బాగుందనేవాళ్ళు లేరు, బాగాలేదని తిట్టేవాళ్ళు కూడా లేరు. ఆదివారాలు ఎంతకీ గడిచేవి కావు. తోచక పిల్లల కోసం పాటలు కట్టి, స్వరాలు రాసి నోటుబుక్కులు నింపేదాన్ని.

ట్రైనింగ్ స్కూల్లో సంగీతమంటే కచేరీ చదువేమీ కాదు. పల్లె బడుల్లో పాఠాలు చెప్పబోయే ఆడవాళ్ళకు పది పాటలు నేర్పడం, అంతే. ఏడాది చివర ప్రాక్టికల్ ఉంటుంది. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు ఒక చేత్తో తాళం వేస్తూ, అంటే దెబ్బా వేళ్ళూ లెక్కపెడుతూ, ఒక పాటను శ్రుతి తప్పకుండా పాడాలి. అందులో తప్పితే సర్టిఫికెట్ రాదు.

ఆ ఏడాది బెళుగుప్ప నుంచి హుసేన్‌బీ అనే ట్రైనీ వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి. మిగతా పాఠాలన్నిటిలో ముందుండేది. పాట దగ్గరకొచ్చేసరికి మాత్రం గొంతు ఒక చోటా, హార్మోనియం ఒక చోటా. మూడు వారాలు చూశాను. నాకు ఓపిక తక్కువ. ప్రతి ట్రైనీ గురించి టీచరు రిమార్కు రాసే రిజిస్టరొకటి ఉండేది. అందులో హుసేన్‌బీ పేరు పక్కన సిరాతో రాసేశాను: "శ్రుతిజ్ఞానం లేదు. పాటకు పనికిరాదు." కింద సంతకం కూడా చేశాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం గదిలో ఉండలేక హాస్టల్ వైపు నడిచాను. వెనక వసారాలోంచి పాట వినిపించింది. అది నేను కట్టిన పాటే.

"మబ్బమ్మా మబ్బమ్మా ఇటు రావమ్మా, మా చేని మీద దిగిపోవమ్మా..."

వేలు పెట్టి చూపడానికి ఒక్క తప్పు లేదు. నా పాటను ఇంకొకరి గొంతులో అంత బాగా వినడం నాకదే మొదటిసారి. గోడ పక్కనే నిలబడి ఏడ్చాను. తొంగి చూస్తే హుసేన్‌బీ ఒక్కతే చేట ముందేసుకుని, హాస్టల్ చట్నీకి వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. పాదం అయిపోగానే ఒక్క క్షణం ఆగి, గుప్పిట్లోని గింజలు చేటలో పోసి, మళ్ళీ అందుకుంటోంది.

"క్లాసులో ఏమైంది నీ గొంతు?" అన్నాను.

ఆమె ఉలిక్కిపడి లేచింది. "చేతులు ఊరికే ఉంటే నాకు పాట రాదు టీచరమ్మా. మా అమ్మ శెనక్కాయలు ఒలుస్తా పాడతాండె. నేనూ అట్లే నేర్చినా. ఈడ ఆ వేళ్ళు లెక్క పెట్టేదాంట్లో పాట యాడికో పోతాది."

"పరీక్ష పోతే మళ్ళీ ఏడాది రాయవచ్చులే."

"యాడ రాసేదమ్మా. మా నాయన ఒక్క ఏడాదికే ఒప్పుకున్నాడు. పాసైతే ఉద్యోగం, లేకుంటే పెండ్లి. మళ్ళా పంపడు."

ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం ఆమె చేటతో నా గదికి వచ్చేది. నేను తంబూరా మీటేదాన్ని, ఆమె కాయలొలుస్తూ పాడేది. పాదం చివర ఆగడం మాత్రం మాన్పించాలని చూశాను. తాళం లెక్కలో దానికి చోటు లేదు. "గింజలు పోసేదానికి తావు ఉండల్ల కదమ్మా," అని నవ్వేది. పరీక్ష వరకూ ఆ రెండు నెలలూ నా గదిలో మనిషి మాట వినబడింది.

ప్రాక్టికల్ రోజు చేట పరీక్ష గది మూల పెట్టి, సంగతంతా ఎగ్జామినరుకు చెప్పాను. ఆయన రిజిస్టరు నా వైపు తిప్పాడు.

"ఈ రిమార్కు మీదే కదా?"

"నాదేనండి. తొందరపడి రాశాను."

"ఇది పరీక్ష అమ్మా, వంటిల్లు కాదు. తాళం వేసి పాడమనండి."

హుసేన్‌బీ నా వైపు చూసింది. నేను లేచి ఆ చేట తెచ్చి ఆమె ముందు పెట్టి ఉండాల్సింది. పెట్టలేదు. నాది అప్పటికి టెంపరరీ ఉద్యోగం. దాన్ని పర్మనెంటు చేయాలా వద్దా అని రాయవలసింది ఆయనే. నేల చూస్తూ కూర్చున్నాను. రెండో పాదానికి ఆమె గొంతు ఆగిపోయింది. దండం పెట్టి బయటికి వెళ్ళిపోయింది.

మర్నాడు బస్సెక్కేముందు నా గదికి వచ్చి చెప్పింది: "మీ పాట బాగుండాదమ్మా. మా ఊర్లో పాడుకుంటా." నన్ను ఒక్క మాటన్నా అనలేదు. అని ఉంటే బాగుండేది. నా ఉద్యోగం పర్మనెంటైంది. సాయంత్రాలు మళ్ళీ నేనూ తంబూరా మిగిలాం.

1966 నాటికి ట్రైనింగ్ స్కూలు పనితో పాటు జిల్లా బడుల్లో పాటల చదువు చూసుకునే బాధ్యత నా మీద పడింది. ఆ పని మీద బెళుగుప్ప వెళ్ళాను. వానల్లేని ఏడాది. బడిలో పిల్లలు నా మబ్బు పాట పాడారు. ప్రతి పాదం చివర అందరూ కలిసి ఒక్క క్షణం ఆగుతున్నారు.

"ఇక్కడ ఆగమని ఎవరు చెప్పారు?" అని అక్కడి టీచరును అడిగాను.

"నేను నేర్పలేదు మేడమ్. ఈడ కాయలొలిచే ఆడోళ్ళంతా అట్లే పాడతారు. పిల్లోళ్ళకు ఇండ్లలోనే వచ్చినాది."

హుసేన్‌బీ గురించి అడిగాను. పెళ్ళయి బళ్ళారి వైపు పోయిందన్నారు. ఏ ఊరో అక్కడెవరికీ తెలియదు.

తిరుగు బస్సులో నోటుబుక్కు తీసి, మబ్బు పాటలో పాదం పాదానికీ ఆ విరామం రాసుకున్నాను. అది చేరాకే నేను కట్టింది పాటైంది. ఆ తర్వాత నా చేతిలో ఉన్నంతవరకు ప్రాక్టికల్లో తాళం చేత్తో వెయ్యాలన్న నియమం తీయించాను. కొత్త ట్రైనీ వస్తే, "ఇంట్లో ఏ పని చేస్తూ పాడుకుంటావు?" అని అడిగాకే రిజిస్టరు తెరిచేదాన్ని. పెన్సిలుతో రాసేదాన్ని.

నేను కట్టిన పాటలు వందకు పైనే ఉంటాయి. పిల్లలు నాతో పని లేకుండా పాడుకునేది ఆ ఒక్కటే. దాన్ని సరిదిద్దిన మనిషి పేరు పక్కన నా సిరా ఇప్పటికీ అలాగే ఉంది.