మా వియ్యపురాలు మాట ఆపుకున్న సాయంత్రం

మా వియ్యపురాలి గురించి నేను మంచి మాట రాస్తున్నానంటే మా అబ్బాయి నమ్మడు. కోడలు అసలే నమ్మదు. నమ్మకపోతే మానేయమనండి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆవిడ ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ముప్ఫై ఒక్క ఏళ్లు మెస్సు నడిపింది. పూటకి నలభై మంది, రెండు పంక్తులు. భర్త ఉన్నన్నాళ్లూ కూరలు తరిగిచ్చేవాడు, ఆయన పోయాక అదీ ఆవిడే. వాళ్లు తింటుంటే గుమ్మం పక్కన గరిటె పట్టుకుని నిలబడేది. మొహాలు చూసేది కాదు, కంచాలు చూసేది. ఎవడి కంచంలోనైనా కూర మిగిలితే దగ్గరికెళ్లి నుదుటి మీద చెయ్యి వేసి, "ఏం నాయనా, జ్వరమా?" అనేది. తన కూరలో లోపం ఉండొచ్చని ఆవిడకి కలలో కూడా తట్టలేదు. అందరూ లేచాక తను మాత్రం పొయ్యి పక్కనే నిలబడి, గిన్నెలోనే కలుపుకుని నాలుగు ముద్దలు మింగేది.

మా పిల్లల పెళ్లికీ వంటంతా తనే దగ్గరుండి చేయించింది. పప్పులో ఉప్పెక్కువైందని నేనన్నాను. ఎక్కువ కాలేదు. పెళ్లికొడుకు తల్లిని, ఏదో ఒకటి అనకపోతే నన్నెవరు లెక్కచేస్తారు? పన్నెండేళ్లయింది. ఆవిడా మర్చిపోలేదు, నేనూ ఒప్పుకోలేదు.

నాలుగేళ్ల కిందట మోకాళ్లు మొరాయించి మెస్సు మూసేసింది. మా ఇంటికొచ్చి ఉండమని కూతురు బతిమాలితే, "ఒకే వంటింట్లో నేనూ మీ అత్తగారూనా? ఇల్లు నిలబడాలా వద్దా?" అందట. ఆ ముక్క మాత్రం తెలివిగానే అంది. మా వీధి చివర ఒక్క గది తీసుకుని చేరింది.

ఓ రోజు కోడలు పంపిన మందులివ్వడానికి వెళ్లాను. పొయ్యి మీద పది మందికి సరిపోయే గిన్నె ఉడుకుతోంది.

"ఎవరైనా వస్తున్నారా వదినగారూ?" అన్నాను.

"ఎవరొస్తారు? ఒక్కదానికి వండటం నా చేతికి రావట్లేదు వదినగారూ. వండాక ఒక్కదాన్నే కూర్చుని తినడం అంతకన్నా రావట్లేదు."

నవ్వుతూనే అంది. కానీ పొద్దున్న పెట్టుకున్న కంచం సగం అన్నంతో అలాగే ఉంది. మందులు గూట్లో పెట్టి వచ్చేశాను. దారిలో టైలరమ్మ కనిపిస్తే ఓ మాట చెవిలో వేశాను.

టైలరమ్మా నేనూ భోజనాల క్లబ్బులో ఉన్నాం. నెలకో గురువారం సాయంత్రం ఏడింటికి బస్టాండు వెనక కూరల హోటల్లో ఎనిమిది మందిమి ఒకే బల్ల చుట్టూ కూర్చుని తింటాం. తొమ్మిదో కుర్చీ వేస్తే తలుపు తెరుచుకోదు. నర్సమ్మ వేరే ఊరు వెళ్లిపోవడంతో ఒక కుర్చీ ఖాళీ అయింది. టైలరమ్మ మా వియ్యపురాలి పేరు చెప్పింది. నేను అందరి ముందూ వద్దనే అన్నాను. నా మర్యాద నాకుంటుంది కదా.

మా క్లబ్బుకి ఒక్కటే రూలు. భోజనం దగ్గర "మా ఇంట్లో అయితే" అనకూడదు. మొదటి ఏడాది ఇది లేక చచ్చాం. ఒకరు మా ఇంట్లో అయితే ధనియాలు వేయించి వేస్తామంటారు, ఇంకొకరు మా అమ్మ అయితే అసలు వెయ్యదంటారు. కూరలు చల్లారిపోయేవి, మొగుడూ పెళ్లాలు విడివిడిగా ఇళ్లకి వెళ్లేవారు. అప్పుడు రిటైరైన పోస్టుమాస్టరుగారు ఈ రూలు పెట్టారు. కొత్తగా చేరేవాళ్లు మూడు నెలలు వచ్చి, ఒక్కసారి కూడా ఏ వంటనీ ఇంకో వంటతో పోల్చకుండా తినాలి. నోరు జారితే కుర్చీ లేదు.

మెస్సు నడిపినావిడకి ఇంతకన్నా పెద్ద శిక్ష ఉంటుందా?

మొదటి నెల ఆవిడ పన్ను పీకించుకుని, బుగ్గలో దూది పెట్టుకుని వచ్చింది. గడిచిపోయింది. రెండో నెల మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా రొట్టె ముక్క కుక్కుకుంది. ఆ సాయంత్రం పదకొండు రొట్టెలు తింది, నేను లెక్కపెట్టాను. ఇక మిగిలింది మూడో నెల.

ఆ గురువారం ఇస్త్రీ చీర కట్టుకుని, అందరికన్నా ముందొచ్చి కుర్చీ అంచు మీద కూర్చుంది, ఎవరైనా పిలిస్తే లేచి పరిగెత్తేలాగా. నా చెవి దగ్గరికి వంగి, "ఈ ఒక్క పూటా దాటితే చాలు వదినగారూ," అంది.

"దాటితే చూద్దాంలెండి," అన్నాను.

మా ఖర్మకొద్దీ ఆ రోజే హోటల్లో వంటాయన సెలవు. గరిటె హోటలాయనే పట్టాడు. మనిషి భారీగా ఉంటాడు, మాటలు ఇంకా భారీగా ఉంటాయి. పెద్ద గిన్నె తెచ్చి బల్ల మధ్యలో పెట్టి, "వంకాయ కూర. నా చేత్తో చేశాను. చూస్కోండి!" అన్నాడు.

చూశాం. ఉల్లిపాయ పచ్చిగా కరకరలాడుతోంది. మసాలా పొడి పళ్లకి ఇసకలా తగులుతోంది. వంకాయ ఒక పక్క ఉడికింది, ఇంకో పక్క ఆలోచిస్తోంది. పోస్టుమాస్టరుగారు మంచినీళ్లు తాగారు. టైలరమ్మ నా కాలు తొక్కింది. అందరి కళ్లూ మా వియ్యపురాలి మీదే.

ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. కళ్లు మూసుకుంది. ఉండబట్టలేక హోటలాయన ఆవిడ ముందే వచ్చి నిలబడ్డాడు.

"ఎలా ఉందమ్మా?"

"వేడిగా ఉంది నాయనా."

"అది కాదమ్మా, రుచి!"

"కంచం తళతళలాడుతోంది. బాగా తోమారు."

బల్లంతా పగలబడి నవ్వింది. మా క్లబ్బులోనే ఉన్న బస్సు కండక్టరుకి పొలమారింది. హోటలాయనకి ఎక్కడ కాలిందో, నడుం మీద చెయ్యి వేసుకుని, "మెస్సు నడిపారట కదా. మెస్సంటే కడుపు నింపడం, అంతే. రుచి సంగతి మీకేం తెలుస్తుందిలే!" అన్నాడు.

మా వియ్యపురాలి చెవులు ఎర్రబడ్డాయి. అయిపోయింది, కుర్చీ పోయిందనుకున్నాను. ఆవిడ మాత్రం రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకుని తలదించుకుంది. ముప్ఫై ఒక్క ఏళ్లు గరిటె తిప్పిన మనిషి ఒక్క కుర్చీ కోసం ఆ మాట మింగింది.

నాకు మింగుడు పడలేదు.

"ఏమయ్యోయ్!" అని లేచాను. "మా వియ్యపురాలింట్లో అయితే ఉల్లిపాయ ఎర్రబడి నూనె తేలేదాకా పొయ్యి దగ్గర్నుంచి కదలదు, తెలుసా? ఆవిడ చేసిన వంకాయ నోట్లో పెట్టుకుంటే వెన్నలా జారుతుంది. నీ వంకాయని సుత్తితో కొట్టాలి! ఆవిడ గిన్నె అడుగున మిగిలిన మసాలాకి కూడా నీ కూర సాటి రాదు. ఆవిడకా రుచి చెప్తావు నువ్వు?"

పోస్టుమాస్టరుగారు గరిటె కింద పెట్టారు.

"అక్కగారూ, రూలు తప్పారు."

"నేను మా ఇంటి వంట గురించి చెప్పానా?"

"ఎవరింటిదైతేనేం, పోల్చారా లేదా?"

"పోల్చింది! పోల్చింది!" అని టైలరమ్మ చిన్నపిల్లలా బల్ల చరిచింది. నా స్నేహితురాలే, చూడండి.

రూలు తప్పిన పాతవాళ్లు అందరికీ వడ్డించి, చివర్న తినాలి. సరేనని చీర కొంగు దోపుకుని గరిటె తీసుకున్నాను. నేను నిలబడగానే మా వియ్యపురాలు అలవాటు కొద్దీ తనూ లేవబోయింది.

"కూర్చోండి వదినగారూ," అన్నాను. "మూడు నెలలూ గెలిచారు. ఆ కుర్చీ మీది."

"అవునమ్మా, మీదే," అన్నారు పోస్టుమాస్టరుగారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆవిడ అప్పుడు కుర్చీలో వెనక్కి జరిగి, నిండుగా కూర్చుంది. కళ్లు తుడుచుకుని నా వైపు కంచం తోసి, "ఆ పక్కవి కాస్త మెత్తగా ఉన్నట్టున్నాయి, చూసి వెయ్యండి," అంది. పన్నెండేళ్లకి దొరికాను మరి. ఆ పూట నా చేత నాలుగుసార్లు వడ్డింపించుకుంది.

హోటలాయన వెనకాలే తచ్చాడి, "ఉల్లిపాయ ఎంతసేపు వేయించాలమ్మా?" అని గొణిగాడు.

"రేపు పొద్దున్న వస్తాను నాయనా. ఇప్పుడు క్లబ్బులో ఉన్నాను," అంది.

ఎనిమిదిన్నరకి అందరూ లేచారు. నేను కంచం పెట్టుకుని కూర్చున్నాను. అందరూ వెళ్లిపోయినా ఆవిడ కదల్లేదు.

"మీరు వెళ్లండి, మోకాళ్లు నొప్పెడతాయి," అన్నాను.

"ఒక్కరే ఎలా తింటారు?" అని నా కంచంలో కూర వేసి, కబుర్లలో పడింది. మెస్సులో ఎవడెవడు ఎలా తినేవాడో, ఎవడు రొట్టె జేబులో దాచేవాడో చెప్తూ తనే ముందు నవ్వేది. ఆ నవ్వు ధాటికి నాకు ఉడకని వంకాయ కూడా దిగిపోయింది.

హోటలాయన కుర్చీలు ఒక్కొక్కటే బల్లల మీదికి ఎక్కించుకుంటూ మా దాకా వచ్చి, లేస్తారేమోనని ఆవిడ వెనక నిలబడ్డాడు.

"ఇది నాది," అందావిడ. "మిగతావి సర్దుకో నాయనా."