తొమ్మిది గడపల అంబలి

నేను రైల్వే రాత పరీక్ష పాసయ్యింది చోళ్లని మేమనే రాగుల అంబలి వల్లేనని కలకత్తా దగ్గర సంత్రాగాఛిలో మా తెలుగువాళ్ల క్వార్టర్ల వరసంతా నమ్మింది. నేనూ నమ్మాను. అంతకుముందు మాదిరి పరీక్షలకి గ్లూకోజు నీళ్లు తాగి కూర్చునేవాణ్ణి. మొదటి అరగంట లెక్కలు చకచకా వచ్చేసేవి, తర్వాత కళ్లు మూతలు పడేవి. అసలు పరీక్షనాడు అమ్మ పులియబెట్టిన చోళ్ల పిండితో అంబలి కాచి ఇచ్చింది. చివరి ప్రశ్న దాకా ఒక్క ఆవలింత రాలేదు.

పక్క వీధిలో అద్దెకుంటున్న సాఫ్ట్‌వేర్ అన్న, కరీంనగర్ వైపు మనిషి, దీనికి శాస్త్రం చెప్పాడు. "అది నెమ్మదిగ అరుగుతది తమ్మీ. శక్తి ఒక్కసారే పొంగి చల్లారదు, కొంచెం కొంచెం దిగుతది. పరుగు పరీక్షకు గూడ అదే తాగు. కని ఒక్క గ్లాసే, రెండు గంటల ముందుగాల."

ఆ చివరి ముక్క నా దగ్గరే ఉండిపోయింది. మిగతాది నేను వరసంతా చెప్పుకొచ్చాను.

పట్టాల పని చేసే నాన్న ఆ ఏడే రిటైరవుతున్నాడు. నాకు ఉద్యోగం వస్తే క్వార్టరు నా పేరుకి మారుతుందని మా ఆశ. రాకపోతే ఖాళీ చెయ్యాలి.

మా వరసలో ఒక మర్యాద ఉంది. మంచి పని మీద బయల్దేరినవాడు ఏ గడపలోంచి పిలిచినా ఆగి, పెట్టింది నోట్లో వేసుకుని కదలాలి. మామూలుగా అది చెంచాడు పెరుగూ పంచదారా. పరుగు పరీక్షనాడు ఉదయం అందరూ అంబలే కాచారు. రెండిళ్లలో తాగి, మూడో గుమ్మం ముందు పొట్ట పట్టుకుని నిలబడ్డాను.

"ఏట్రా, ఆలింట్లో తాగీసి మాది ఒద్దంతన్నావేటి?" అంది ఆ ఇంటి అత్త.

అంత మాట పడ్డాక ఇంకేం చేస్తాను? తొమ్మిది గడపల్లోనూ తాగి, పరీక్ష జరిగే పక్క మైదానానికి మెల్లగా నడిచాను.

బరువు మోసే పరీక్ష ఎలాగో గట్టెక్కాను. పరుగులో రెండు చుట్లు తిరిగేసరికి కడుపులో అంబలి గొంతు దాకా వచ్చింది. మూడో చుట్టులో పక్కకెళ్లి కూర్చుండిపోయాను. సాయంత్రం దాకా ఆకలి వెయ్యలేదు. అన్న చెప్పిన శాస్త్రం ఆ మేరకు నిజమే.

ఇంటికొచ్చి నాన్నకి జరిగింది చెప్పాను.

"ఈ మాట బయట అనకు. ఆలు ప్రేమతో ఇచ్చేరు," అన్నాడు.

తర్వాత నా బూటు ఒకటి తీసుకుని, చాకుతో అడుగు ఊడదీసి, అందరికీ కనబడేలా గుమ్మం బయట పెట్టాడు.

పొద్దున్న దెబ్బలాడిన అత్తే ముందుగా వచ్చింది. "ఏటయింది బావా?" అని అడిగింది.

"బూటు ఊడిపోనాదమ్మా," అన్నాడు నాన్న. "మీ అంబలి తాగబట్టే ఆ రెండు చుట్లయినా తిరిగేడు."

నేను లోపల మంచం మీద బోర్లా పడుకుని, ఆవిడ వెళ్లేదాకా ఆగలేక ఏడ్చేశాను.